పరాయి గడ్డమీద సైన్యం: ఏది లెక్కకు వస్తుంది?

(జగదల్‌పూర్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల సంయుక్త సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఖాళీల భర్తీ, పింఛను, కాంట్రాక్టు విధానం గురించి మాట్లాడుతామని మీరు ఎదురుచూస్తూ వుంటారు. ఆ విషయాలన్నీ తీర్మానాలలో వున్నవి. వాటిని ఎలాగూ చర్చిస్తాము. గతసారి మేము ఈ శాఖకు వచ్చినపుడు ట్రాక్ విభాగంలో పనిచేసే ఒక యువ సభ్యుడు మమ్ములను ఒక ప్రశ్న అడిగాడు. దానికి ఆనాడు సరియైన సమాధానం చెప్పలేకపోయాము. ఆ బాకీ తీర్చుకొనుటకే నేటి ఈ ప్రసంగం.

అతడు అడిగినది ఇది: "మాల్దీవుల నుండి ఎనభైమంది మన సైనికులు తిరిగివచ్చారంటే దేశమంతా చర్చ జరిగింది. ఇక్కడ మా పట్టాల పక్కన వేలాదిమంది తుపాకులతో వున్నారు. వారు ఎందుకు వచ్చారని అడిగితే తప్పంటారు. సార్, సైన్యం పరాయి దేశంలో వున్నట్లు ఎప్పుడు లెక్క? మేమున్నది ఏ దేశం?"

ఈ ప్రశ్నలో మూడు ప్రశ్నలు ఇమిడివున్నవి. సైన్యమని దేనిని అనాలి? మోహరించడమని దేనిని అనాలి? పరాయి దేశమని దేనిని అనాలి? ప్రభుత్వాలు ఈ మూడు మాటలనూ తమ అవసరానికి తగినట్లు సాగదీస్తాయి, కుదిస్తాయి. పేరును చూసి మోసపోరాదన్నది కార్మికోద్యమం మనకు నేర్పిన మొదటి పాఠం. "సర్దుబాటు" అన్న పేరుతో ఉద్యోగాలు పోవడం మనం చూశాము. "సహాయం" అన్న పేరుతో సైన్యాలు రావడం చరిత్ర చూసింది.

ముందుగా మన తెలుగునాటి అనుభవం చూద్దాము.

1798లో నిజాము ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. అంతకుముందు ఆయన కొలువులో వున్న ఫ్రెంచివారి దళాలను రద్దుచేసి, కంపెనీ పటాలాలను రాజధానిలో నిలిపారు. 1800లో మరొక సంధి జరిగింది. ఆ పటాలాల ఖర్చు కింద బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను, కర్నూలులో కొంత భాగాన్ని నిజాము కంపెనీకి ధారాదత్తం చేశాడు. "దత్తమండలాలు" అన్న పేరు అలా పుట్టినదే. 1928లో నంద్యాలలో జరిగిన సభలో రాయలసీమ అని పేరు మార్చుకొనేదాకా, ఒక పరాయి సైన్యానికి జీతంగా చెల్లించబడిన నేల అన్న ముద్రను ఆ సీమ ప్రజలు మోశారు. 1806లో సికందర్‌జా పేరిట వెలసిన సికింద్రాబాదు ఆ సైన్యపు దండు విడిది.

అంతటితో ఆగలేదు. "హైదరాబాద్ కంటింజెంట్" అనే మరొక సేన ఏర్పడింది. పేరు నిజాముది, జీతం నిజాము ఖజానా నుండి. అధికారులు ఆంగ్లేయులు, ఆజ్ఞ రెసిడెంటుది. జీతాల బకాయి పేరుకుపోయిందని చెప్పి 1853లో బేరారును వశం చేసుకున్నారు. 1902లో బేరారును సాలుకు 25 లక్షల రూపాయల కౌలుకు శాశ్వతంగా తీసుకున్నారు. ఆ మరుసటి సంవత్సరానికి కంటింజెంటును భారత సైన్యంలో కలుపుకున్నారు. నిజాము డబ్బుతో, నిజాము పేరుతో, నిజాము సొంత రాజ్యంలో వున్న ఆ సేన ఎవరిది? దీనినిబట్టి తేలేదేమిటంటే, జీతం ఎవరు ఇస్తున్నారన్నది కొలబద్ద కాదు. జెండామీద ఎవరి పేరున్నదన్నది కూడా కాదు. ఎవరి ఆజ్ఞకు తుపాకి పేలుతుందన్నదే మొదటి కొలబద్ద.

రైల్వే సోదరులు గుర్తుంచుకోదగిన విషయం మరొకటి వున్నది. సంస్థానాలు బ్రిటిషు భూభాగం కావని వారి చట్టమే చెప్పేది. అయినా సంస్థానాల గుండా పోయే రైలుమార్గపు భూములమీదా, దండు ప్రదేశాలమీదా న్యాయాధికారం మాత్రం తమవద్దనే వుంచుకున్నారు. దానికి ఆధారంగా 1902లో చేసిన ఉత్తర్వు పేరే "విదేశీ న్యాయాధికార" ఉత్తర్వు. కనుక మన పట్టాలు పోయిన దారినే పరాయి అధికారం కూడా పోయింది.

ఇక బస్తరు విషయానికి వస్తాము. ఓరుగల్లు పతనమైన పిదప కాకతీయ వంశీయుడు అన్నమదేవుడు వచ్చి ఈ రాజ్యం స్థాపించాడని సంప్రదాయం. నాగపూరు భోంస్లేల రాజ్యాన్ని డల్హౌసీ కలుపుకున్న తరువాత బస్తరు బ్రిటిషు ఆధిపత్యం కిందికి వచ్చింది. పేరుకు రాజు రాజే. దివాను మాత్రం బ్రిటిషు వారి ఇష్టానుసారం పనిచేసేవాడు. 1905లో అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేస్తామన్నారు. పోడు సాగు ఆపమన్నారు, వేట ఆపమన్నారు, ఆకు అలము ఏరవద్దన్నారు. పైగా వెట్టిచాకిరి, కరువులు. 1910 ఫిబ్రవరిలో భూమ్‌కాల్ లేచింది. నేతానారుకు చెందిన గుండా ధూర్ పేరు ఈనాటికీ ఇక్కడి పిల్లలకు తెలుసు. సంతలు దోచారు, ఠాణాలు తగులబెట్టారు, ధాన్యం పంచారు. బ్రిటిషు సేన వచ్చింది. ఆదివాసీ పెద్దలు మాట్లాడుకుందామని రాగా, వారి విడుదులను చుట్టుముట్టి కాల్చింది. ఊరూరా తిరిగి కొరడా దెబ్బలు కొట్టింది. ఊళ్ళు ఖాళీ అయి జనం అడవులు పట్టారు. అదుపులోకి తెచ్చుకోవడానికి వారికి మే నెల వరకు పట్టింది. గుండా ధూర్ మాత్రం దొరకలేదు. రిజర్వు చేయదలచిన అడవి విస్తీర్ణాన్ని సుమారు సగానికి తగ్గించుకోవలసివచ్చింది.

ఆ సేన పరాయి దేశంలో దిగినట్లా, సొంత దేశంలో దిగినట్లా? కాగితంమీద బస్తరు వ్యవహారాలు చూసినది ఫారిన్ డిపార్ట్‌మెంటు, అనగా విదేశాంగ శాఖ. కాని అది దండయాత్ర అని ఒప్పుకోలేదు, శాంతిభద్రతల చర్య అన్నారు. ఆస్తి వారిది కావలసినపుడు సొంత దేశం, బాధ్యత పడవలసినపుడు పరాయి దేశం. ఈ రెండు నాలుకల ధోరణిని మనం బాగా గుర్తుపట్టాలి.

సంస్థానాలకు ఇలా బలగాలు పంపడం ఎంత అలవాటైందంటే, దానికోసమే 1939లో నీమచ్‌లో ఒక ప్రత్యేక దళం ఏర్పాటు చేశారు. దాని పేరు "క్రౌన్ రిప్రజెంటేటివ్స్ పోలీస్". స్వాతంత్ర్యానంతరం 1949లో అదే సెంట్రల్ రిజర్వు పోలీసు దళమయింది. నేడు బస్తరులో అత్యధికంగా కనిపించే సి.ఆర్.పి.ఎఫ్. ఇదే. ఈ మాట ఆ జవాన్లను కించపరచడానికి కాదు. వారు మనవంటి కుటుంబాల బిడ్డలే.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా పేర్ల గొడవ తీరలేదు. 1948 సెప్టెంబరులో మేజర్ జనరల్ చౌదరి నాయకత్వాన టాంకులతో సైన్యం హైదరాబాదులో ప్రవేశించింది. దానిని మనం ఈనాటికీ "పోలీసు చర్య" అంటాము. టాంకులు నడిపినది పోలీసులు కాదు కదా! నిజాము ప్రభుత్వం తాము స్వతంత్ర దేశమని చెప్పి ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. మన ప్రభుత్వం ఇది అంతరంగిక వ్యవహారమన్నది. యుద్ధమని అంటే హైదరాబాదును పరాయి దేశంగా ఒప్పుకున్నట్లవుతుంది. అందుకే పోలీసు అన్న మాట. నిజాము పాలన పోవాలని కోరిన తెలంగాణ ప్రజలలో మెజారిటీ దానిని స్వాగతించారు. అదే సైన్యం తరువాత తెలంగాణ రైతులమీదికి తిరిగినదన్నది కూడా చరిత్రే. వచ్చినపుడు ప్రజల సమ్మతి వుండడం వేరు, వచ్చిన తరువాత ఆ సమ్మతి నిలవడం వేరు.

తపాలా సోదరులకు సైన్యం ఎక్కడెక్కడ వున్నదో తెలుసుకొనే దారి ఒకటి వున్నది. మేము ఆర్.ఎమ్.ఎస్.లో సార్టింగు చేసిన రోజులలో "56 ఏ.పి.ఓ." అని వ్రాసిన సంచులు వచ్చేవి. ఊరి పేరు వుండదు, జిల్లా వుండదు. 1999లో కార్గిల్ యుద్ధకాలంలో ఆ సంచుల బరువు పెరగడం మా చేతులకే తెలిసింది. ఇంకా వెనుకకు పోతే తపాలా బిళ్ళలే సాక్ష్యం పలుకుతాయి. 1953లో కొరియాకు యుద్ధఖైదీల సంరక్షణకై పోయిన మన దళానికి బిళ్ళలమీద ప్రత్యేక ముద్ర వేశారు. 1954లో వియత్నాం, లావోస్, కంబోడియాలలోని అంతర్జాతీయ కమిషనుకు, 1962లో కాంగోకు, 1965లో గాజాకు అలాగే వేశారు. ప్రభుత్వం వాటిని దాచలేదు. ఆ దేశాల అంగీకారమో, ఐక్యరాజ్యసమితి తీర్మానమో, సంబంధిత పక్షాల ఒప్పందమో వెనుక వున్నది. దాచవలసిన అవసరం లేని మోహరింపు ఎలా వుంటుందో ఆ చిన్న బిళ్ళలు చెబుతాయి.

దాచిన మోహరింపుకు ఉదాహరణ వియత్నాంలో అమెరికా. 1963 చివరికి అక్కడ సుమారు 16,000 మంది అమెరికన్ సైనికులు వున్నారు. వారిని "సలహాదారులు" అన్నారు. 1965 మార్చిలో దనాంగ్ తీరంలో మెరైన్లు దిగేదాకా అమెరికన్ ప్రజలలో అనేకులకు తమ దేశం యుద్ధంలో వున్నదని తెలియలేదు.

1974 డిసెంబరు 14న ఐక్యరాజ్యసమితి సాధారణసభ దురాక్రమణకు ఒక నిర్వచనం ఆమోదించింది. మనకు కావలసిన మాట అందులో వున్నది. ఆతిథ్యమిచ్చిన దేశపు ఒప్పందంతో వున్న సైన్యాన్ని ఆ ఒప్పందపు షరతులకు విరుద్ధంగా వాడినా, గడువు తీరిన తరువాత కూడా అక్కడే వుంచినా అది దురాక్రమణే. సాయుధ ముఠాలను, కిరాయి సైనికులను పంపడం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. కనుక యూనిఫారం వున్నదా లేదా అన్నది ప్రధానం కాదు. ఎవరి సమ్మతి? ఏ షరతులు? పొమ్మంటే పోతారా? ఇవే అసలు ప్రశ్నలు.

ఈ గీటురాయిమీద మన దేశాన్ని కూడా గీచి చూడాలి. 1987 జూలై 29 ఒప్పందం ప్రకారం మన సైన్యం శ్రీలంకకు "శాంతి పరిరక్షక దళం"గా పోయింది. అక్టోబరు నాటికి శాంతి పోయి యుద్ధం మిగిలింది. వెయ్యిమందికి పైగా మన జవాన్లు అక్కడ ప్రాణాలు కోల్పోయారు. అక్కడి తమిళ పౌరులూ మరణించారు. 1989లో అధ్యక్షుడు ప్రేమదాస వెళ్ళిపొమ్మన్నారు. చివరి దళం తిరిగివచ్చినది 1990 మార్చిలో. పిలిచినవారే పొమ్మన్న తరువాత నెలల తరబడి వున్న ప్రతి దినానికి సంజాయిషీ చెప్పుకోవలసివుంటుంది.

ఇక మాల్దీవులు. అక్కడ వున్నది రెండు హెలికాప్టర్లు, ఒక డోర్నియర్ విమానం, వాటిని నడిపే సుమారు ఎనభైమంది. రోగులను దీవి నుండి దీవికి తరలించడం వారి పనులలో ప్రధానమైనది. అయినా వారు సైనికులు గనుక పరాయి సైన్యమేనని 2023 ఎన్నికలలో వివాదమయింది. కొత్త అధ్యక్షుడు మొయిజ్జు కోరగా 2024 మే 10 లోపల వారు తిరిగివచ్చారు. వారి స్థానంలో పౌర సాంకేతిక సిబ్బంది వెళ్ళారు. అవే విమానాలు, అదే పని. మారినది వాటిని నడిపేవారిమీద ఆజ్ఞ ఎవరిదన్నది. అడిగారు, వచ్చేశారు. దేశం చిన్నదైనా హక్కు చిన్నది కాలేదు.

మిత్రులారా, ఇంతవరకు దేశాల మధ్య వ్యవహారం. ఇక మన ఇంటి సంగతి. సాయుధ దళం దేనిని అనాలన్న ప్రశ్న మన సంఘాల చరిత్రలోనే వున్నది.

1968 సెప్టెంబరు 19న కేంద్ర ప్రభుత్వోద్యోగులు ఒకరోజు సమ్మె చేశారు. రైల్వే, తపాలా కార్మికులు ముందున్నారు. పఠాన్‌కోట్‌లో కాల్పులు జరిగి రైల్వే కార్మికులు నేలకొరిగారు. కేంద్ర కార్యాలయాల రక్షణ పేరిట, రాష్ట్ర ప్రభుత్వం కోరకుండానే, సి.ఆర్.పి.ని కేరళకు పంపారు. మా రాష్ట్రంలోకి సాయుధ బలగాలు పంపడానికి మీకేమి అధికారమని నంబూద్రిపాద్ ప్రభుత్వం ప్రశ్నించింది. 1976లో ఎమర్జెన్సీ చీకటిలో చేసిన 42వ సవరణ దానికి సమాధానం. కేంద్ర సాయుధ బలగాలను రాష్ట్రాలలో మోహరించే అధికారాన్ని కేంద్ర జాబితాలో 2ఏ అంశంగా చేర్చారు. నేడు బస్తరులో వున్న ప్రతి కేంద్ర బెటాలియన్ వెనుక ఆ అంశమున్నది. దాని పుట్టుకలో మన సమ్మె నెత్తురు వున్నదని మన యువ సభ్యులలో ఎందరికి తెలుసు?

1974 మే 8 నుండి 27 వరకు సాగిన రైల్వే సమ్మెలో టెరిటోరియల్ ఆర్మీ రైల్వే యూనిట్లను దించారు. రైల్వే కార్మికునికే సైనిక దుస్తులు తొడిగి తోటి కార్మికుని సమ్మెమీదికి పంపారు. 1985లో రైల్వే రక్షణ దళాన్ని "కేంద్ర సాయుధ దళం"గా మార్చారు. దానితో వారి సంఘ హక్కులకు ఆంక్షలు పడ్డవి. తపాలా శాఖ నుండి ఆర్మీ పోస్టల్ సర్వీసుకు డెప్యుటేషన్‌పై పోయిన మన సోదరుడు ఆ రోజు నుండి సైనిక చట్టం కిందికి వస్తాడు. నిన్నటి గుమాస్తా నేటి సైనికుడు. ఒక పేరు మారితే హక్కులు ఎలా మారిపోతాయో మనకన్న బాగా ఎవరికి తెలుసు?

ఇప్పుడు ఆ యువ సభ్యుని ప్రశ్నకు నేరుగా వస్తాము.

బస్తరు పరాయి దేశం కాదు. 1948 జనవరి 1 నుండి ఇది భారత యూనియన్‌లో భాగం. ఇక్కడ వున్నది దురాక్రమణ సేన అనే వాదనతో మేము ఏకీభవించము. సైన్యాన్ని యుద్ధానికి దించలేదని ప్రభుత్వాలు చెబుతూ వచ్చాయి, అది నిజమే. కాని సరిహద్దులు కాచేందుకు 1965లో పుట్టిన బి.ఎస్.ఎఫ్. కాంకేరులో వున్నది. చైనా సరిహద్దుకై 1962లో పుట్టిన ఐ.టి.బి.పి. నారాయణపూరులో వున్నది. సరిహద్దు దేశపు అంచులో కాక దేశపు నడిబొడ్డున వెలసినట్లయింది. సొంత పౌరుడు పొరుగు శత్రువులా కనిపించడం మొదలయ్యేది అక్కడే.

మావోయిస్టుల హింసను మేము సమర్థించము. 2010 ఏప్రిల్ 6న తాడిమెట్లలో 76 మంది జవాన్లు హతులయ్యారు. కొత్తవలస–కిరండూల్ మార్గంలో పట్టాలు ఎన్నిసార్లు తొలగించారో, లోకో పైలట్లు ఎన్ని రాత్రులు ప్రాణాలు అరచేత పట్టుకొని బండ్లు నడిపారో ఈ సభలో వున్నవారికి మేము చెప్పనక్కరలేదు. అటు మరణించిన జవాన్లలోనూ, ఇటు మరణించిన మావోయిస్టులలోనూ తెలుగు తల్లుల బిడ్డలు వున్నారు.

అయితే సొంత దేశమన్నపుడు సొంత దేశపు చట్టం అమలు కావాలి. 2012 జూన్ 28 రాత్రి సార్కేగూడలో 17 మందిని కాల్చిచంపారు. వారు మావోయిస్టులనడానికి ఆధారం లేదని న్యాయవిచారణ కమిషన్ తేల్చిన సంగతి 2019లో బయటికి వచ్చింది. జపానులోని అమెరికన్ సైనికుడు విధి నిర్వహణలో నేరం చేస్తే విచారించే ప్రథమాధికారం అమెరికాకే వుండేలా 1960లో ఒప్పందం వ్రాసుకున్నారు. అది పరాయి దేశంలోని సైన్యపు లక్షణం. మన దేశంలో కేంద్ర దళ సభ్యునిపై విధి నిర్వహణకు సంబంధించిన కేసు నడపాలంటే కేంద్ర అనుమతి కావాలి. ఆ అనుమతి రాకపోతే, బాధితునికి ఈ రెంటికీ భేదమేమి కనిపిస్తుంది?

2005లో సల్వాజుడుం పేరిట ఆదివాసీ యువకులకే తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులన్నారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ నిజ్జర్ అది రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పారు. అదే సంవత్సరం రాష్ట్ర ప్రభుత్వం సహాయక సాయుధ పోలీసు దళ చట్టం తెచ్చింది. మళ్ళీ పేరే మారింది. ఆ హింసకు తాళలేక గోదావరి దాటి భద్రాచలం, ములుగు అడవులకు చేరిన గుత్తికోయలను చూడండి. రాష్ట్ర సరిహద్దు దాటినందుకే వారి గిరిజన హోదాకు గుర్తింపు కరువైంది. సొంత దేశంలో పరాయివారు కావడమంటే ఇదే.

2021 మే నెలలో సిలిగేరులో రాత్రికి రాత్రి క్యాంపు వెలసింది. మమ్ములను అడగలేదని జనం కూర్చున్నారు. మే 17న కాల్పులు జరిగి ముగ్గురు మరణించారు. బస్తరు అయిదవ షెడ్యూలు ప్రాంతం. భూసేకరణకు ముందు గ్రామసభనో, పంచాయతీనో సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతున్నది. ఒక గ్రామం రాజ్యపు పోలీసును పొమ్మనగలదని మేము అనడం లేదు. దేశం వేరు, గ్రామం వేరు. కాని పరాయి గడ్డమీద ఎనభైమందిని వుంచడానికి ఆ గడ్డవారి సమ్మతి కావలసివచ్చినపుడు, సొంత గడ్డమీద క్యాంపు పెట్టడానికి ఆ ఊరివారితో ఒక్క మాట చెప్పనక్కరలేదా? పరాయివానికి ఇచ్చే మర్యాద సొంతవానికి దక్కవద్దా?

మావోయిస్టు సమస్యను అంతం చేయడానికి కేంద్ర ప్రభుత్వం 2026 మార్చి 31ని గడువుగా ప్రకటించింది. మరి క్యాంపులకు గడువు ఏది? ఏ షరతు నెరవేరితే అవి బడులుగా, ఆసుపత్రులుగా, తపాలా కార్యాలయాలుగా మారుతాయి? ఈ ప్రశ్న అడగడం దేశద్రోహం కాదు. పౌరుని విధి.

కనుక కామ్రేడ్లారా, సాయుధ బలగం ఎక్కడ కనిపించినా, అది ఏ పేరుతో వున్నా, మీరు నాలుగు ప్రశ్నలు వేయండి. ఆజ్ఞ ఎవరిది? తప్పు జరిగితే ఏ న్యాయస్థానం? అక్కడి ప్రజలతో మాట్లాడారా, ఏ షరతులమీద వచ్చారు? ఎప్పుడు తిరిగిపోతారు? ఈ నాలుగింటికి సమాధానం చెప్పగలిగిన బలగం పరాయి దేశంలో వున్నా దానికి సిగ్గుపడవలసిన పనిలేదు. చెప్పలేని బలగం సొంత దేశంలో వున్నా పరాయి సైన్యంలాగే కనిపిస్తుంది. ఆ తప్పు అక్కడ నిలబడిన జవానుది కాదు. సమాధానం చెప్పకుండా అతనిని నిలబెట్టినవారిది.

ఈ కొండలలో పట్టాలు పరచినవారు, ఉత్తరాలు మోసినవారు మనవారు. ఎవరి అనుమతీ అక్కరలేకుండా, ఏ తుపాకీ లేకుండా ప్రతి ఊరికీ పోగలిగినవాడు తపాలా బంట్రోతు. అతడు నిర్భయంగా సిలిగేరుకు పోయి, సంతకం పెట్టించుకొని, సాయంత్రానికి ఇల్లు చేరిన రోజున ఈ దేశం ఆ ఊరికి చేరినట్లు లెక్క. ఆ రోజుకోసం పనిచేద్దాము.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!